పాత మోటారు సైకిలు ఇంజను – నూనె కారకుండ కూర్చుట

రామకుప్పము మండలములోని పల్లెలలో, అటు వి.కోటకు, ఇటు కుప్పము రైలు స్టేషనుకు పోవు దారులలో, నేటికిని అప్పుడప్పుడు ఒక శబ్దము వినిపించును. తొందర లేని శబ్దమది. ఒక్కొక్క పేలుడును వేరువేరుగా లెక్కపెట్టవచ్చును. బండి కనబడకముందే ‘పాత బుల్లెట్టు వచ్చుచున్నది’ అని అరుగు మీది పెద్దలు చెప్పివేయుదురు. ఇటువంటి బండ్లు కొన్ని ఇంకను పాల క్యానులను, పట్టుగూళ్ళ బుట్టలను మోయుచున్నవి. మరికొన్ని పశువుల పాకలలో గోనెపట్ట కప్పుకొని, తాతగారి జ్ఞాపకముగా నిలిచి ఉన్నవి. ఇటీవల ఇట్టి బండ్లను బయటకు తీసి, ఇంజను విప్పి, మరల కొత్తగా కూర్చుకొనవలెనను ఉత్సాహము యువకులలో కనబడుచున్నది. సంతోషింపదగిన విషయమే. అయితే పాతికవేలో యాభైవేలో వెచ్చించి ఇంజను కూర్చిన వారము లోపలనే బండి క్రింద నల్లని మరక ఏర్పడుటయు, ఆ మరకను చూచి ఇల్లాలు ‘ఇంత డబ్బు పోసినది ఇందుకేనా?’ అని అడుగుటయు కూడ అంతే సాధారణముగా జరుగుచున్నది. ఆ మరకను గురించియే నేటి మా ప్రసంగము.

బుల్లెట్టు యజమానులలో ఒక పరిహాసము ఉన్నది. నూనె కారుచున్నదంటే ఇంజనులో నూనె ఉన్నదని ధైర్యము. కారుట మానినదంటే అయిపోయినదని అర్థము. వినుటకు బాగుగనే ఉన్నది. కాని ఈ పరిహాసము వెనుక ఒక నిస్పృహ దాగి ఉన్నది. పాత ఇంజను కారక తప్పదు, అది దాని జాతిగుణము అను భావము మెకానిక్కులలోను, యజమానులలోను పాతుకొని పోయినది. మేము దీనితో ఏకీభవింపజాలము. ఆ కాలపు ఇంజనులో ఒక చుక్క చెమ్మ కనబడవచ్చును. ధార కట్టుట మాత్రము కూర్పులోని లోపమే. ఆ లోపము ఎక్కడ ఉన్నదో తెలిసికొనుటకు ఓపిక కావలెను, అంతే.

ఇది వట్టి శుభ్రతకు సంబంధించిన మాట కూడ కాదు. బుల్లెట్టు బండిలో క్లచ్చి చైను ఎడమవైపున ఉండును. వెనుక చక్రమునకు పోవు చైనును ఆ వైపుననే. ఆ చైను తగులుకొను పళ్ళచక్రము, వెనుక బ్రేకు డ్రమ్ము కూడ ఆ వైపుననే ఒకటిగా ఉండును. ఎడమవైపు చైను కేసు నుండి జారిన నూనె గాలికి వెనుకకు పోయి చైనును, డ్రమ్మును, చివరకు టైరు అంచును తడుపును. నేరుగా పోవు దారిలో అది తెలియదు. మొగిలి ఘాటులోనో, భాకరాపేట ఘాటులోనో మలుపు దగ్గర బండిని ఒక ప్రక్కకు వంచినప్పుడు తెలియును. అప్పటికి తెలిసికొని ప్రయోజనము లేదు. ఇక రెండవ అపాయము, నూనె తరిగి ఇంజను బిగుసుకొని పోవుట. రామకుప్పము చుట్టుపట్ల అడవి అంచు దారులలో ఇది మరింత ఇక్కట్టు. 1980 దశకములో ఏనుగులు ఈ అడవులకు వచ్చి నిలిచినవి. 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. ప్రొద్దు గ్రుంకిన తరువాత అట్టి దారిలో బిగుసుకొని పోయిన బండిని త్రోసికొనుచు నడచుట ఎవరును కోరని పని.

ముందుగా ఈ ఇంజను ఎటువంటిదో కొంచెము చెప్పుకొందము. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణమునందలి రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీవారు 1932లో తొలిసారిగా ‘బుల్లెట్’ అను పేరును వాడిరి. 1955లో వారు మద్రాస్ మోటార్స్‌తో కలిసి మన దేశములో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థను నెలకొల్పిరి. మద్రాసు నగరపు ఉత్తర భాగమున తిరువొత్తియూరులో బండ్ల కూర్పు సాగినది. ఇంగ్లండులోని మూలసంస్థ 1970 ప్రాంతమున మూతబడినది కాని, మద్రాసు బుల్లెట్టు మాత్రము దాదాపు అదే రూపముతో, పోత ఇనుప సిలిండరుతో, ఈ శతాబ్దపు తొలి దశాబ్ది చివరి వరకు తయారగుచునే వచ్చినది. అందుచేత 1960లో కొన్న బండికిని, 1990లో కొన్న బండికిని ఇంజను విషయములో పోలికలే ఎక్కువ. సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు, ఘనపరిమాణము 346 సి.సి. నూనెకు వేరుగా తొట్టి లేదు. క్రాంకు కేసు పోతలోనే వెనుక ప్రక్క ఒక అర చేసినారు. దానినుండి ఒక పంపు నూనెను తోడి తిరుగు భాగములకు అందించును; రెండవ పంపు అడుగున చేరిన నూనెను తోడి తిరిగి పంపును. ఆ నూనె ఒక భాగము బయటి గొట్టము ద్వారా పైకి పోయి, వాల్వులను కదల్చు రాకర్లను తడిపి, పుష్ రాడ్లు ఉన్న సొరంగము గుండ క్రిందికి దిగును. ఇంజను తల అల్యూమినియము, సిలిండరు ఇనుము, క్రాంకు కేసు అల్యూమినియము. వేడికి అల్యూమినియము ఇనుముకంటె సుమారు రెట్టింపు వ్యాకోచించును. చల్లని ఉదయము స్టార్టు చేసినప్పటినుండి ఆపి చల్లార్చు వరకు ఈ మూడు ముక్కలు ఒకదానిపై నొకటి లేశమాత్రముగా జరుగుచునే ఉండును. వాని నడుమ నున్న పలుచని కాగితపు ప్యాకింగు ఈ జరుగుడునంతను ఓర్చుకొనవలెను.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. నూనె ఎందుకు కారును? ప్యాకింగు పాడైనందుచేత అని వెంటనే జవాబు వచ్చును. ఈ జవాబే అనేక ఇంజనులను పాడుచేసినది. శ్రోతలలోని గృహిణులు ప్రెషర్ కుక్కరును తలచుకొనినచో ఈ సంగతి మెకానిక్కులకంటె త్వరగా గ్రహింతురు. కుక్కరు మూత అంచున ఆవిరి చిమ్ముచున్నది. రబ్బరు మార్చితిరి, మరల చిమ్మినది. అప్పుడు ఏమి చేయుదురు? వెయిటు తీసి, దాని క్రింది రంధ్రములో అన్నపు మెతుకు అడ్డుపడినదేమో అని చూతురు. పోవలసిన దారి మూసికొని పోయినప్పుడు ఆవిరి పోకూడని దారిని వెదకికొనును. ఇంజనులోను ఇదియే జరుగును.

పిస్టను క్రిందికి దిగునప్పుడెల్ల దాని అడుగున ఉన్న 346 సి.సి. గాలి క్రాంకు కేసులోనికి నెట్టబడును. ఇంజను నిమిషమునకు మూడువేల చుట్లు తిరుగుచున్నదనుకొందము; అప్పుడు సెకనుకు ఏబది మారులు ఈ నెట్టుట జరుగును. ఒంటి సిలిండరు ఇంజను కనుక ఒక పిస్టను దిగినప్పుడు రెండవది ఎక్కి సరిపెట్టుట అనునది లేదు. ఈ గాలి బయటికి పోవుటకు క్రాంకు కేసు ఎడమవైపున బ్రీదరు అను శ్వాసమార్గమును అమర్చినారు. అది ఒకవైపు కవాటము: గాలిని బయటికి విడుచును, లోనికి రానీయదు. సరిగా పనిచేసినప్పుడు క్రాంకు కేసులో బయటి గాలికంటె కొంచెము తక్కువ పీడనము నిలుచును. కీళ్ళ దగ్గర నూనె బయటికి రాదు సరికదా, లోనికి లాగబడునట్లు ఉండును. పూర్వపు బండ్లలో ఈ కవాటము పలుచని బిళ్ళ. తరువాతి వానిలో గొట్టపు చివర బాతుముక్కు ఆకారము గల రబ్బరు ముక్క. ఆ రబ్బరు ఎండి గట్టిపడినను, మడ్డి పట్టి అతుకుకొనినను, గొట్టము మడతపడినను లోపలి పీడనము పెరిగి ప్రతి కీలునుండి నూనెను వెలికి త్రోయును. కొద్ది రూపాయల రబ్బరు ముక్కను చూడక, వేల రూపాయలు పోసి ఇంజనంతయు విప్పించిన వారు కలరు. కనుక ఎవరైనను మొట్టమొదట చూడవలసినది బ్రీదరు. గొట్టము ఊడదీసి నోటితో ఊదినచో ఒక వైపుననే గాలి పోవలెను. రెండు వైపుల పోయినను, ఏ వైపునను పోకున్నను అది పనికిరాదు.

బ్రీదరు బాగుండియు పీడనము తగ్గలేదనుకొందము. అప్పుడు పిస్టను రింగులను, సిలిండరు బోరును అనుమానింపవలెను. బోరు అరిగి రింగులు వదులైనచో పైన మండిన వాయువు పిస్టను ప్రక్కలనుండి క్రిందికి దిగును. ఇంజను నడచుచుండగా నూనె పోయు మూత తీసి చూచినచో పొగ గుప్పుగుప్పున వచ్చును. అట్టి ఇంజనుకు ఎంత మంచి ప్యాకింగు వేసినను నిలువదు. లేతు పనివానివద్దకు పోయి బోరు చేయించి, కొత్త పిస్టను వేయించవలసినదే. డబ్బు చాలనప్పుడు అది ఆగవచ్చును, కాని దానిని దాటి ప్యాకింగుల మీద డబ్బు పెట్టుట మాత్రము మాకు సమంజసముగా తోచదు.

మరియొక విచిత్రము ఉన్నది. నెలరోజులు కదల్చకుండ నిలిపిన బండిని స్టార్టు చేయగనే బ్రీదరు గొట్టము నుండి నూనె చిమ్మును, యజమాని బెదరిపోవును. ఇక్కడ ఏ కీలును చెడలేదు. తొట్టిలోని నూనె, అరిగిన పంపు సందులనుండి మెల్లమెల్లగా జారి క్రాంకు కేసు అడుగున చేరినది. స్టార్టు చేయగనే తిరుగు చక్రములు ఆ నూనెను చిలికినవి. అది దొరికిన దారిని బయటపడినది. దీనిని పరీక్షించుట సులభము. డిప్‌స్టిక్కుపై నూనె మట్టమును గురుతుపెట్టి, వారము తరువాత చూడవలెను. నేలపై మరక లేకుండ మట్టము తగ్గినదంటే నూనె లోపలి గదిలోనికి దిగినదన్న మాట. అడుగు ప్లగ్గు విప్పి దానిని తీసివేసిన పిమ్మటనే స్టార్టు చేయవలెను. ఇంజను విప్పినప్పుడు పంపు బిళ్ళలను వాని పీఠములపై మెత్తని గ్రైండింగు పేస్టుతో అరగదీసి, ఒకదానికొకటి అతుకునట్లు చేసినచో ఈ జారుట చాల వరకు తగ్గును. పేస్టు లేశమైనను మిగులకుండ కిరోసిన్‌తో కడుగుట మరువరాదు. ఆ పేస్టు నూనెతో కలిసి బేరింగులకు పోయినచో అది వేరొక కథ.

ఇంజనును విప్పకముందు చేయవలసిన పని ఇంకొకటి ఉన్నది. అది కారుచోటును కనుగొనుట. నూనె కనబడిన చోట కారుచున్నదని తలచుట పొరపాటు. తల దగ్గర పుట్టిన చెమ్మ సిలిండరు రెక్కల వెంట దిగి, గాలికి వెనుకకు మళ్ళి, గేరుబాక్సు క్రింద చుక్కగా వ్రేలాడును. మెకానిక్కు గేరుబాక్సు విప్పును. ఇంజనును కిరోసిన్‌తోను, ఆ తరువాత సబ్బు నీటితోను కడిగి, బాగుగా ఆరిన తరువాత దాని మీద పలుచగా సుద్దపొడిని గాని, ముఖమునకు రాచుకొను పౌడరును గాని చల్లవలెను. నాలుగైదు కిలోమీటర్లు నడిపి ఆపినచో తడి గీత ఎక్కడ మొదలైనదో పొడి మీద స్పష్టముగా కనబడును. మొదలు ముఖ్యము, చివర కాదు. బుల్లెట్టులో కుడివైపున, పుష్ రాడ్ల సొరంగము సిలిండరు తలను కలియు చోటును ప్రత్యేకముగా చూడవలెను. రాకర్ల నుండి దిగు నూనె ఆ దారినే వచ్చును కనుక తల సరిగా కూర్చొననిచో అచ్చటనే చెమర్చును. సిలిండరు క్రింది భాగమున ఒకే నట్టుతో బిగించిన చిన్న తలుపు ఉండును. ట్యాపెట్లను సరిచేయుటకు దానిని తరచు తీయుదురు. దాని ప్యాకింగు తరచు నలుగును. ఇంజనులో అన్నిటికంటె చవుకగా మానునట్టి కారుడు ఇది.

ఇక విప్పుట. అల్యూమినియపు మూతలు సంవత్సరముల తరబడి అతుకుకొని ఉండును. వానిని ఊడదీయుటకు స్క్రూడ్రైవరు మొనను సందులో దూర్చి మీటుట మన పట్టణములలోని షెడ్లలో సర్వసామాన్యము. ఆ ఒక్క మీటుతో అద్దము వలె ఉండవలసిన అంచుమీద ఒక గాడి పడును. ఆ గాడియే తరువాత పదేండ్లు నూనెకు కాలువ. మేకు మొన గాని, రేకు గాని ఆ సందులోనికి పోనీయక, కొయ్య సుత్తితో గాని తోలు సుత్తితో గాని మూత అంచుల చుట్టును మెల్లగా తట్టినచో అది వదలును. వదలకున్నచో ఎక్కడనో ఒక స్క్రూ మిగిలి ఉన్నదని అర్థము. పాత ప్యాకింగును గీకుటకు కూడ ఉక్కు బ్లేడు పనికిరాదు. వెదురు పుల్లను గాని, గట్టి ప్లాస్టిక్ ముక్కను గాని చెక్కుకొని వాడుట మేలు.

అంచు చదునుగా ఉన్నదో లేదో కంటికి తెలియదు. అద్దాల దుకాణములో మందమైన గాజుపలక ముక్క ఒకటి కొనుక్కొనవలెను. దానిపై మెత్తని ఎమరీ కాగితమును పరచి, రెండు చుక్కల నూనె వేసి, మూతను బోర్లించి, ఎనిమిది అంకె దిద్దినట్లుగా బరువు లేకుండ తిప్పవలెను. నాలుగు త్రిప్పుల తరువాత ఎత్తి చూచినచో ఎత్తైన చోట్లు మెరయును, పల్లపు చోట్లు నల్లగనే ఉండును. అంచు అంతయు ఒకే తీరున మెరయువరకు సాగింపవలెను. తొందరపడి ఒక ప్రక్కనే నొక్కినచో మూత వాలుగా అరిగిపోవును. ఇది ఒక సాయంకాలపు పని. మా అభిప్రాయములో ఇంజను కూర్పు అంతటిలోను ఇంతటి ఫలితమునిచ్చు పని వేరొకటి లేదు. అయితే కూలికి పనిచేయు మెకానిక్కుకు ఈ సాయంకాలమునకు డబ్బులిచ్చువారు అరుదు. ‘రేపు ఉదయానికే బండి కావలెను’ అనువారే అందరును. కారుచున్న ఇంజనులలో సగము పాపము ఈ ‘రేపు ఉదయము’నకు చెందును.

ప్యాకింగు కాగితమును ఇంటిలోనే కత్తిరించుకొనవచ్చును. మూత అంచుపై కాగితమును పరచి గుండ్రని సుత్తితో అంచుల వెంట కొట్టి తెంపుట ఒక పద్ధతి. దానివలన అంచు నలిగిపోవును. అంచుకు పలుచగా నూనె రాసి కాగితముపై అద్ది, పడిన అచ్చు ప్రకారము కత్తెరతో కత్తిరించుటయే మంచిది. ఒక్క విషయములో మాత్రము మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. కుడివైపున నున్న టైమింగు కవరు అంచులో స్క్రూల రంధ్రములతో పాటు నూనె పోవు రంధ్రములు కూడ ఉన్నవి. పంపులు ఆ కవరులోనే ఉన్నవి కనుక తొట్టినుండి వచ్చు నూనె ఆ కీలును దాటియే పోవలెను. ఇంటిలో కత్తిరించిన ప్యాకింగులో ఆ రంధ్రమును మరచినచో బయటికి ఒక చుక్కయు కారదు. ఇంజను చక్కగా, పొడిగా కనబడును; కొన్ని కిలోమీటర్లలోనే లోపలి బేరింగు మాడిపోవును. ఆ కవరులోనే క్రాంకు చివరకు నూనె ప్రవేశించు చోట చిన్న సీలు ఒకటి ఉండును. విప్పిన ప్రతిసారి దానిని మార్చుట ఉత్తమము. అది వదులైనచో పంపు తోడిన నూనె బేరింగుకు చేరక ప్రక్కకు పోవును.

పూర్వము ప్యాకింగులకు లక్కతో చేసిన షెల్లాకును రాసెడివారు. నేడు గొట్టములలో వచ్చు సిలికాను జిగురులు ప్రతి షెడ్డులోను ఉన్నవి; మన ప్రాంతములో మెకానిక్కులు ఏ జిగురునైనను ‘అనబాండ్’ అనియే పిలిచెదరు. మంచి పదార్థమే. దానిని వాడు విధమే చెడ్డది. పూరీకి పిండి పెట్టినట్లు దట్టముగా పెట్టి మూతను బిగింతురు. బయటికి ఉబికిన దానిని చేతితో తుడిచివేయుదురు. అంతే జిగురు లోపలికి కూడ ఉబికినదని ఎవరును తలపరు. అది లోపల ఎండి, పురుగు వలె ఊడి, నూనెతో పోయి పంపు రంధ్రములోనో, రాకర్లకు పోవు సన్నని గొట్టములోనో అడ్డుపడును. వ్రేలికొనతో కాగితము తడిసినంత పలుచగా రాసి, కొన్ని నిమిషములు ఆరనిచ్చి, ఆపై బిగించవలెను. నూనె రంధ్రముల చుట్టును అసలే రాయరాదు.

రాగి వాషర్ల సంగతి ఒక మాటలో తేలిపోవును. వాడిన వాషరు గట్టిపడి ఉండును. దానిని పొయ్యిపై ఎర్రగా కాల్చి నీటిలో వేసినచో మరల మెత్తనగును. ఉక్కు గట్టిపడు పనియే రాగిని మెత్తబరచును. నూనె గొట్టముల కీళ్ళవద్ద నున్న వాషర్లన్నిటికిని ఇట్లు చేయవచ్చును.

ఎడమవైపు చైను కేసు బుల్లెట్టుకు ప్రత్యేకమైన తలనొప్పి. అంత పెద్ద మూతను నడుమ నున్న ఒకే ఒక నట్టు పట్టుకొని ఉండును. చుట్టును గాడిలో ఒక రబ్బరు పట్టీ ఉండును. నూనె కారుచున్నదని యజమాని నట్టును ఇంకొక చుట్టు బిగించును. మూత నడుమ లోనికి వంగి అంచులు పైకి లేచును; కారుట హెచ్చగును. మరల బిగించును. బిగించిన కొలది కారు ఈ మూత ముందు అనుభవజ్ఞులు కూడ ఓడిపోవుట కద్దు. మందు ఏమనగా, మూతను గాజుపలకపై పెట్టి అంచుల చదును చూచుట, వంగి ఉన్నచో సరిచేయించుట, రబ్బరు పట్టీని కొత్తది వేసి అది మెలిపడకుండ గాడిలో కూర్చొనబెట్టుట, వెనుక నున్న లోపలి మూత సరియైన ఎత్తులో నిలిచినదో లేదో చూచుట. ఆ తరువాత నట్టును మితముగా బిగించుట. చైను కేసులో నిర్ణయించిన మట్టముకంటె ఎక్కువ నూనె పోయుట కూడ ఇక్కడ ఒక సామాన్య దోషము. ఇన్ని చేసియు చైను కేసులో నూనె దానంతట అది పెరుగుచున్నదంటే, క్రాంకు కేసులోని నూనె ఇరుసు వెంట అటు వచ్చుచున్నదని గ్రహింపవలెను.

ఆ ఇరుసు చుట్టును ఆయిలు సీలు ఉండును. సీలు మార్చినను మరల కారుచున్నదని విసుగుకొనువారు ఇరుసుపై నున్న ఉంగరమును గోటితో తడిమి చూడవలెను. సీలు పెదవి ఏండ్ల తరబడి ఒకే చోట రాపాడుటచేత ఆ ఉక్కు ఉంగరముపై సన్నని గాడి పడి ఉండును. కొత్త సీలు ఎంత మంచిదైనను ఆ గాడిలో నిలువదు. ఉంగరమును మార్చవలెను; దొరకనిచో లేతుపై కొత్తది చేయించి, అంచును నునుపు చేయించవలెను. సీలును ఎక్కించునప్పుడు పెదవికి నూనె రాయుట, చావి గాడి అంచుకు తగిలి పెదవి తెగకుండ పలుచని ప్లాస్టిక్ చుట్టుట అను రెండును చిన్న పనులే కాని, వానిని మరచుటచేతనే కొత్త సీళ్ళు మొదటి దినమునే తెగుచున్నవి.

బిగింపు విషయములో బలము ఎక్కువైనవాడు శత్రువు. అల్యూమినియములో మర తెగినచో బోల్టు పట్టదు. పట్టనిచోట ప్యాకింగు నిలువదు. తెగిన మరకు ఉక్కుతీగ చుట్టతో కొత్త మరను వేయు పద్ధతి ఉన్నది, హెలికాయిల్ అందురు. బెంగుళూరులోను, చెన్నైలోను మాత్రమే కాక మన ప్రాంతపు పెద్ద లేతు దుకాణములలో కూడ దీనిని చేయుచున్నారు. సిలిండరు తల నట్లను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా, మూడు దఫాలుగా బిగించవలెను. ఇంజను ఒకసారి బాగుగా వేడెక్కి పూర్తిగా చల్లారిన తరువాత మరల ఒకసారి సరిచూడవలెను. వేడిగా నుండగా బిగించుట తగదు. అడుగు మూసి ఉన్న రంధ్రములో నూనె నిలిచియుండగా బోల్టును బిగించినచో, పోవుటకు దారిలేని ఆ నూనె అల్యూమినియమునే పగులగొట్టగలదు. రంధ్రములను ముందుగా గుడ్డతో తుడిచి గాలితో ఊదుట మంచిది.

మన ప్రాంతములో జావా బండ్లు కూడ కలవు. మైసూరులో ఐడియల్ జావా వారు 1961 నుండి 1996 వరకు వీనిని, తరువాతి యెజ్డీలను తయారుచేసిరి. ఇవి రెండు స్ట్రోకుల ఇంజనులు; క్రాంకు కేసులో నూనె నిలువ ఉండదు. అందుచేత క్రింద కారునది తరచు గేరుబాక్సు నూనె. కాని వీనిలో బయటికి కారుటకంటె లోనికి పోవుట అపాయము. క్రాంకు సీలు చెడినచో గేరుబాక్సు నూనె లోనికి లాగబడి, మండి, బండి వెనుక తెల్లని పొగ చాలసేపు వీడక వచ్చును. నేలపై మరక మాత్రము ఉండదు. రెండవవైపు సీలు చెడినచో గాలి లోనికి చొరబడి మిశ్రమము పలుచబడి పిస్టను వేడెక్కి పట్టివేయును. అట్టి ఇంజనుకు పైపై జిగురులతో పని లేదు.

చట్టము మాట కొంచెము. పదునైదేండ్లు దాటిన బండికి రిజిస్ట్రేషనును అయిదేండ్లకొకసారి పునరుద్ధరించుకొనవలెనని అందరికిని తెలిసినదే. 2021లో కేంద్ర ప్రభుత్వము ఏబది ఏండ్లు దాటిన వాహనములను ‘వింటేజి’ వాహనములుగా నమోదు చేయుటకు ప్రత్యేక నిబంధనలు తెచ్చినది. వానికి నంబరులో ‘వి.ఎ.’ అను అక్షరములు వచ్చును; కొత్త నమోదుకు రుసుము ఇరువదివేల రూపాయలు, గడువు పదేండ్లు. అయితే ఇట్లు నమోదైన బండిని నిత్యము రోడ్డు మీద నడుపుటకు గాని, వ్యాపారమునకు గాని వీలులేదు. ప్రదర్శనలు, మరమ్మతు, ఇంధనము వంటి అవసరములకు మాత్రమే తీసికొని పోవచ్చును. బండి స్వరూపము కూడ మొదటి నాటిదిగనే ఉండవలెను. పాలకు, చేనుకు బండిని వాడుకొను రైతుకు ఇది సరిపడదు. అతనికి సాధారణ పునరుద్ధరణయే మార్గము. ఇంగ్లండులో సాధారణముగా 1930 నాటికి తయారైన వానినే వింటేజి అందురు. ఆ లెక్కన మన బుల్లెట్టులేవియు ఆ పేరునకు అర్హములు కావు. పేరులో ఏమున్నది గాని, విడిభాగముల కొరకు చెన్నైలో పుదుపేటకు పోవు యువకులు అచ్చటి దుకాణములలో దొరకు పాత టైమింగు కవర్లను, చైను కేసులను కొనునప్పుడు అంచులను వ్రేలితో తడిమి కొనవలెనని మా సలహా. పైకి మెరయు పాలిషు చూచి మోసపోరాదు.

విప్పినప్పుడు తీసిన పాత నూనెను బోరుబావి దగ్గరనో, కాలువ గట్టుననో పారబోయుట చాల చోట్ల చూచుచున్నాము. ఇంత లోతునుండి నీరు తోడుకొను సీమలో ఇది చేయతగని పని. మూత గల డబ్బాలో పోసి, పాత నూనె సేకరించు దుకాణమునకు ఇచ్చివేయవలెను.

కూర్పు ముగిసిన తరువాత 20డబ్ల్యు-50 తరగతి నూనెను పోసి, కిక్కును మెల్లగా పలుమార్లు త్రొక్కి పంపులలోనికి నూనె ఎక్కనిచ్చిన పిమ్మట స్టార్టు చేయవలెను. నూనె తిరిగి వచ్చుచున్నదో లేదో తొట్టి మూత తీసి చూడవచ్చును. మొదటి దినమున పది కిలోమీటర్లకు మించి పోక, చల్లారిన తరువాత నట్లన్నియు సరిచూడవలెను. ఆ రాత్రి బండిని స్టాండు వేసి, ఇంజను క్రింద పాత వార్తాపత్రికను పరచి, ముందు వెనుక చక్రముల స్థానములను దాని అంచున పెన్సిలుతో గురుతు పెట్టవలెను. తెల్లవారి చుక్క పడినచో అది ఎక్కడ పడినదో, ఎంత వెడల్పుగా ఉన్నదో, దాని రంగేమిటో చూచి, తేదీ వేసి ఆ కాగితమును దాచవలెను. వారము తరువాత ఇంకొక కాగితము. రెంటిని పోల్చినచో చుక్క పెరుగుచున్నదో తగ్గుచున్నదో మెకానిక్కుతో వాదింపకయే తెలియును. కాగితము పొడిగా ఉన్నచో డిప్‌స్టిక్కును కూడ తీసి, మట్టము నిన్నటి చోటనే ఉన్నదేమో చూచుకొనవలెను.